ఎంఐ-17 హెలికాప్టర్ మోడల్ కిట్ కి ఇండియన్ డికాల్స్ యాడ దొరుకుతాయి? కిట్ కంటే షీట్ రేటే ఎక్కువగా ఉండాది

అలిపిరి_అబ్బాయి
జ్వెజ్దా కంపెనీ వాళ్ల 1/72 (అసలు దాంట్లో 72వ వంతు) ఎంఐ-8ఎంటీ కిట్ తెప్పించినా, ఎంఐ-17 కి రష్యాలో పేరు అదే. ప్లాస్టిక్ బాగుండాది, డికాల్ షీట్ (మోడల్ మీద అతికించే గుర్తులు, నంబర్లు అచ్చేసిన కాయితం) తీసి చూస్తే అన్నీ ఎర్ర నక్షత్రాలే. నాకు కావాల్సింది మన ఎయిర్ ఫోర్స్ ది. 2021 నవంబర్ వరదల్లో చిత్రావతిలో జేసీబీ మీద ఇరుక్కున్న పది మందిని ఎంఐ-17 వచ్చి పైకి తీసింది కదా, ఆ వీడియో చూసినప్పట్నుంచీ అది చేసి షోకేసులో పెట్టాలని ఉండాది. విడిగా అమ్మే ఆఫ్టర్ మార్కెట్ డికాల్స్ కోసం వెతికితే ఇండియన్ హెలికాప్టర్లవి ఉండేదే తక్కువ, దొరికిన ఒకటీ షిప్పింగ్ కలిపితే కిట్ రేటు దాటిపోతా ఉండాది. అరచెయ్యంత కాయితానికి అంత పెట్టాలా? బాలాజీ కాలనీలో కలర్ జిరాక్స్ షాపులో స్టిక్కర్ షీట్ మీద ప్రింట్ తీసి కత్తిరించి అతికిస్తే ఏమవుతుంది? చేసినోళ్లు ఉంటే చెప్పండి.

నగరి_నానీ
ఏమవుతుంది, ఇంటికొచ్చినోళ్లంతా స్టిక్కర్ బాగుందే అంటారు, హెలికాప్టర్ సంగతి ఎవరూ అడగరు 😂

రేణిగుంట_రోటర్
స్టిక్కర్ వద్దు సామీ, ఒకసారి లెక్క చూడు. మామూలు స్టిక్కర్ 0.1 మిల్లీమీటర్ మందం అనుకో, 72 తో గుణిస్తే 7.2 మిల్లీమీటర్లు. అసలు హెలికాప్టర్ మీద అంత మందం రేకు కొట్టి దాని మీద రౌండెల్ (ఎయిర్ ఫోర్స్ మూడు రంగుల గుండ్రటి గుర్తు) వేస్తారా ఎవరన్నా? వాటర్ స్లైడ్ డికాల్ అట్లా కాదు, బంక పూసిన కాయితం, దాని మీద సన్నటి వార్నిష్ పొర, ఆ పొర మీద ఇంకు. నీళ్లల్లో పెడితే బంక కరిగి పొర ఒక్కటే జారి వస్తుంది, కాయితం పడేయడమే. ఇంకోటి, జిరాక్స్ షాపులో డికాల్ పేపర్ పెట్టనీరు, అది ఇంక్‌జెట్ పేపర్ అయితే లేజర్ మిషన్ వేడికి పొర కరిగి లోపల రోలర్ కి చుట్టుకుంటుంది. మా వీధి చివర షాపాయన ఆ కాయితం పేరు చెప్తేనే లేచి నిలబడతాడు.

రివెట్_రెడ్డి
డికాల్ సంగతి తర్వాత, ముందు కిట్ సంగతి చూడు. ఇప్పుడు మన దగ్గర ఎక్కువ కనపడేది ఎంఐ-17 వీ5. దానికి ముక్కు ముందుకి పొడుచుకొని ఉంటుంది, డాల్ఫిన్ ముక్కు అంటారు, వెనక రెండు రెక్కల తలుపు బదులు కిందికి దిగే ర్యాంపు. నీ పెట్టెలో ఉండేది గుండ్రటి అద్దాల ముక్కు, వెనక రెండు తలుపులు. దాని మీద వీ5 నంబర్ వేస్తే తెలిసినోళ్లు నవ్వుతారు. వీ5 లు 2008 డిసెంబర్ లో 80 కి ఆర్డర్ ఇచ్చి తర్వాత పెంచితే మొత్తం 151 వచ్చినాయి, అన్నీ ఆ ముక్కువే. నీ కిట్ కి సరిపోయేది పాత ఎంఐ-17.

అలిపిరి_అబ్బాయి
అబ్బా రెడ్డన్నా, డికాల్ అడిగితే కిట్టే తప్పంటావే. ఇప్పుడు మూతి కొత్తది చెయ్యాలా?

రివెట్_రెడ్డి
తప్పనలేదు, కథ మార్చుకో అంటా ఉండా. కార్గిల్ చెయ్. 1999 లో మన ఎంఐ-17 లకి రాకెట్ పాడ్లు కట్టి కొండల మీదికి పంపినారు, మే 28న తోలోలింగ్ దగ్గర ఒకటి మిస్సైల్ తగిలి కూలింది, నలుగురు పోయినారు. దాని తర్వాత వాటిని దాడులకి పంపడం ఆపేసినారు. నీ కిట్ కి అది నూటికి నూరు సరిపోతుంది. పాత మామూలు ఎంఐ-8 మాత్రం చెయ్యొద్దు, ఎంఐ-8 కి తోక రోటర్ కుడి పక్క, ఎంఐ-17 కి ఎడమ పక్క. ఎంఐ-8 లని మన వాళ్లు ప్రతాప్ అనేవాళ్లు, 2017 డిసెంబర్ లో యలహంకలో వీడ్కోలు చెప్పినారు.

మదనపల్లె_మామ
రెడ్డి షోకేసు ముందర నిలబడి చూసేది మా ఇంటావిడ. ఆమె దృష్టిలో అన్నీ ఫ్యాన్లే. దుమ్ము తుడిచేటప్పుడు విరగకుండా ఉంటే అదే అక్యురసీ.

పుత్తూరు_పైలట్
విరిగినా పర్లేదు మామా, మా ఊరికి పంపు, రోటర్ కి కట్టు కట్టి పంపిస్తాం. మూడు వారాలు తిప్పకూడదు అంతే.

కాటమంచి_కిట్లు
అసలు ప్రశ్నకి వస్తా. ఇంట్లో ప్రింట్ చేసుకోవచ్చు, నేను చేస్తా ఉండా, దాంట్లో ఉండే గొడవ ఒకటే, తెలుపు. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ లో గానీ లేజర్ లో గానీ తెల్ల ఇంకు ఉండదు, కాయితం తెలుపే దానికి తెలుపు. క్లియర్ డికాల్ పేపర్ మీద రౌండెల్ ప్రింట్ చేసి ముదురు ఆకుపచ్చ కామోఫ్లాజ్ మీద పెడితే కాషాయం బురదగా కనిపిస్తుంది, మధ్య తెల్ల వలయం మాయం, లోపలి ఆకుపచ్చ పెయింట్ లో కలిసిపోతుంది. ఒకప్పుడు ఆల్ప్స్ అని ఎండీ సిరీస్ ప్రింటర్లు ఉండేవి, అవి తెలుపు, వెండి రంగు కూడా వేసేవి, తయారీ ఆపేసి చాలా కాలమైంది, ఇప్పుడు రిబ్బన్ దొరకడమే కష్టం.

అందుకని వైట్ డికాల్ పేపర్ వాడు. మన రౌండెల్ కి బయట వలయం కాషాయం, కాబట్టి రంగు అంచు మీదే గుండ్రంగా కోసేస్తే తెల్ల కాయితం యాడా కనపడదు. తోక మీది మూడు రంగుల పట్టీ కూడా అట్లే స్కేలు పెట్టి కోసుకోవచ్చు. నల్ల నంబర్లు ఉంటే క్లియర్ పేపర్ చాలు. తెల్ల నంబర్లయితే మాత్రం ఇంట్లో కుదరదు. ఇంక్‌జెట్ ప్రింట్ ఆరినాక క్లియర్ స్ప్రే పలచగా రెండు మూడు పొరలు కొట్టు, లేకుంటే నీళ్లల్లో పెట్టగానే హోలీ.

అలిపిరి_అబ్బాయి
ఇది నాకు కావాల్సిన మాట. రౌండెల్ సైజు ఎంత పెట్టాలన్నా?

కాటమంచి_కిట్లు
ఫోటోలో కొలిచి లెక్కేసుకో. ఎంఐ-17 మెయిన్ రోటర్ 21.29 మీటర్లు, 1/72 లో 296 మిల్లీమీటర్లు వస్తుంది. అది రోటర్ లెక్క, ఫోటోలో రోటర్ వంగి కనపడుతుంది కాబట్టి తలుపు ఎత్తో చక్రమో చూసుకొని కిట్ మీద అదే పక్కన స్కేలు పెట్టి కొలువు. అసలు మీద 90 సెంటీమీటర్లు ఉందనుకో, నీకు 12.5 మిల్లీమీటర్లు, 1/48 కి 19 కి కొంచెం తక్కువ. ఒకే సైజు కాకుండా అర మిల్లీమీటర్ తేడాతో నాలుగు సైజులు ప్రింట్ చేసి కాయితం మీదే కత్తిరించి కిట్ మీద ఆనించి చూడు, కంటికి ఏది కుదిరితే అది.

నగరి_నానీ
296 మిల్లీమీటర్లా. మా ఇంట్లో టీవీ పక్కన 250 కంటే జాగా లేదు. రోటర్ మడత పెట్టి నేవీ హెలికాప్టర్ చేస్తా.

మదనపల్లె_మామ
నువ్వు అదృష్టవంతుడివి, నా దగ్గర ఎంఐ-26 ఉండాది 1/72 ది, రోటర్ 32 మీటర్లు, అంటే 444 మిల్లీమీటర్లు. బీరువా మీద పెట్టినా. ఫ్యాన్ వేస్తే దాని రోటర్ కూడా తిరుగుతుంది.

కాళహస్తి_కలం
అందరూ కాయితం కాయితం అంటా ఉన్నారు, రౌండెల్ కి డికాల్ ఎందుకసలు? బైకుల మీద రేడియం స్టిక్కర్లు కోసే షాపులో కటింగ్ మిషన్ ఉంటుంది, వాళ్ల చేత వలయాలు, నంబర్లు మాస్కులు కోయించుకొని పెయింట్ చెయ్యండి. ముందు తెల్ల గుండ్రం, దాని మీద సరిపడా వలయం మాస్క్ వేసి కాషాయం, ఆఖర్న మధ్యలో ఆకుపచ్చ. అంచు లేదు, పొర లేదు, మెరుపు లేదు. రేడియం రేకు జిగురు గట్టిది, దాంతో కోయించొద్దు, పెయింట్ లేచిపోతుంది, మాస్కింగ్ షీట్ మనమే తీసుకెళ్లి ఇస్తే కోసిస్తారు. 1/48 నుంచి పైకి ఇదే నా పద్ధతి.

రేణిగుంట_రోటర్
పెద్ద స్కేలుకి ఒప్పుకుంటా అక్కా. 1/72 లో నంబర్ ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఆ కటింగ్ మిషన్ బ్లేడు మూల తిరిగేసరికి అక్షరమే లేచి వస్తుంది. ఇంక హిందీలో భారతీయ వాయు సేన అని తోక బూమ్ (తోకని మోసే పొడుగాటి గొట్టం) మీద ఎట్లా కోయిస్తావు?

కాళహస్తి_కలం
హిందీ అయితే కష్టమే. పైన గీత ఒకటే, కింద అన్నీ దాన్ని పట్టుకొని వేలాడేవే. దానికి డికాల్ పెట్టుకోండి, రౌండెల్ మాత్రం నేను వదలను.

పాత_ఫిట్టర్
చదువుతా ఉండా అందరివీ. ఎయిర్ ఫోర్స్ లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ గా చేసి రిటైరై ఇప్పుడు చిత్తూరులో ఉండాను. మీరు కాయితం అంచు కనపడకూడదు అంటా ఉండారు కదా, ఒక సంగతి చెప్తా.

అసలు హెలికాప్టర్ మీద స్టిక్కరూ లేదు డికాలూ లేదు, మేం వేసేది పెయింటే. చాక్ తో గీత కొట్టుకొని, మధ్య బిందువు పెట్టుకొని, టేపు వేసి, స్టెన్సిల్ పెట్టి కొడతాం. పైన కాళహస్తి అమ్మాయి చెప్పిన పద్ధతే. అందుకని ఒకే యూనిట్ లో రెండు హెలికాప్టర్ల మీద అక్షరాల మధ్య ఎడం ఒకటిగా ఉండదు, ఎవరు కొట్టినారో దాన్ని బట్టి ఉంటుంది. తోక మీది అక్షరాలు ఎగ్జాస్ట్ పొగకి నల్లబడతాయి, తుడిచి తుడిచి రంగు తేలిపోతుంది. నంబర్ తిరిగి వేసేటప్పుడు పాతది కనపడకుండా వెనక ఒక చదరం కొత్త పెయింట్ కొడతాం, ఆ చదరం చుట్టూ ఉండే పాత రంగుతో కలవదు, దూరం నుంచి కూడా కనపడుతుంది. ఓవర్‌హాల్ కి చండీగఢ్ లో 3 బీఆర్‌డీ (ఎయిర్ ఫోర్స్ రిపేరు డిపో) కి పోయి వచ్చినప్పుడే ఒంటి నిండా ఒకే రంగు.

మీరేమో ఆ చదరం కనపడితే డికాల్ ఫెయిలయింది అని ఏడుస్తా ఉండారు. మా అసలు హెలికాప్టర్ మీదే ఆ చదరం ఉండేది.

రివెట్_రెడ్డి
సార్ ఇది బంగారం లాంటి సమాచారం. ఆ చదరం ఏ మిషన్ మీద చూసినారు, నంబర్ చెప్తారా?

పాత_ఫిట్టర్
నంబర్లు చెప్పేది లేదు నాయనా. ఫోటోలు నెట్ లో బోలెడు ఉండాయి, చూసుకో. హెలికాప్టర్ నంబర్ ముందర జెడ్ అక్షరం వస్తుంది, అది చాలు నీకు.

నగరి_నానీ
రెడ్డన్న ముఖం మాడింది

అలిపిరి_అబ్బాయి
ఫిట్టర్ సార్ మాట విన్నాక ధైర్యం వచ్చింది. కానీ ఆ మెరుపు సంగతి ఎవరూ చెప్పలేదు, పాత కిట్ ఒకదానికి వేసిన డికాల్ చుట్టూ అంతా తెల్లగా పొగమంచు పట్టి ఉండాది, అదెందుకు వస్తుంది?

కాటమంచి_కిట్లు
దాన్నే సిల్వరింగ్ అంటారు. మాట్ పెయింట్ పైకి నున్నగా కనపడినా ఉప్పుకాగితం మాదిరి గరుకు, ఆ గుంటల్లో గాలి ఉండిపోతుంది, పైన డికాల్ పొర కూర్చుంటే లోపలి గాలి వెలుతురుకి తెల్లగా మెరుస్తుంది. డికాల్ తప్పు కాదు, కింద నేల తప్పు. అందుకని పెయింట్ ఆరినాక ముందు గ్లాసీ క్లియర్ (నున్నగా మెరిసే రంగులేని పూత) కొట్టాలి, తమియా ఎక్స్-22 పలచగా, రెండు పొరలు. అది బాగా ఆరినాక డికాల్. అంతా అయినాక పైన మాట్ క్లియర్ కొడితే డికాల్ మెరుపు, గ్లాసీ పూత మెరుపు రెండూ పోయి ఒకటైపోతాయి. ఇదొక్కటి పాటిస్తే చౌక డికాల్ కూడా బాగా కూర్చుంటుంది, పాటించకపోతే ఇటలీ నుంచి కార్టోగ్రాఫ్ ప్రింట్ తెప్పించినా తెల్లబడుతుంది.

డికాల్ కూర్చోబెట్టే మందులు రెండు ఉంటాయి. మైక్రో సెట్ ముందు రాయి, అది తడి చేసి పట్టు పెంచుతుంది. మైక్రో సాల్ పైన రాయి, అది పొరని మెత్తబరిచి ప్యానెల్ గీతల్లోకి, రివెట్ల మీదికి దించుతుంది. సాల్ రాసినాక డికాల్ ముడతలు పడి భయపెడుతుంది, ఆ టైములో వేలు పెట్టొద్దు, అదే సాగి కూర్చుంటుంది. ముట్టుకుంటే మాత్రం పోయినట్టే. సెట్ లేకుంటే తెల్ల వెనిగర్ లో నీళ్లు కలిపి రాసినా కొంత పని జరుగుతుంది, సాల్ కి మాత్రం వెనిగర్ సాటి రాదు.

రేణిగుంట_రోటర్
దీనికి మన ఊరి విషయం ఒకటి కలుపుతా. బోరు నీళ్లు వాడొద్దు. తిరుపతిలో చాలా ఏరియాల్లో బోరు నీళ్లు బకెట్ కే తెల్ల పొర కడతాయి, డికాల్ ఆరినాక చుట్టూ సున్నం గీత పడుతుంది, దాన్ని సిల్వరింగ్ అనుకొని జనం ఇంకా సాల్ పోస్తారు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ తెచ్చుకో, అదీ లేకుంటే ఆర్ఓ నీళ్లు. ఇంకోటి ఏప్రిల్ మే లో మధ్యాన్నం పూట ఈ పని పెట్టుకోవద్దు, డికాల్ సర్దేలోపు కింద తడి ఆరిపోయి యాడ పెట్టినావో ఆడే పట్టేసుకుంటుంది. పొద్దున్నే, ఫ్యాన్ ఆపి.

మదనపల్లె_మామ
మే నెలలో తిరుపతిలో ఫ్యాన్ ఆపాలా? డికాల్ ఆరేలోపు మోడలర్ ఆరిపోతాడు. మా మదనపల్లెకి రండి, చల్లగా కూర్చొని అతికించుకోవచ్చు.

కాళహస్తి_కలం
బూమ్ మీద పొడుగు అక్షరాలకి ఒక చిట్కా. ఎంఐ-17 తోక బూమ్ వెనక్కి పోయే కొద్దీ సన్నబడుతుంది, దాని పై అంచు చూసి అక్షరాలు పెడితే అవి పైకో కిందికో జారినట్టు ఉంటాయి. కిటికీల వరుసకి సమంగా మాస్కింగ్ టేప్ సన్నగా కోసి బూమ్ పొడుగునా వేసుకోండి, గీత దానికి ఆనించి డికాల్ జరపండి. హిందీ పేరు ఒకటే ముక్క కాబట్టి మధ్యలో పట్టుకొని రెండు పక్కలా బ్రష్ తో నీళ్లు బయటికి తోయాలి. చివర నుంచి మొదలుపెడితే ఇంకో చివర మడత పడుతుంది. ఆరకముందే టేప్ తియ్యొద్దు.

పుత్తూరు_పైలట్
బయట నుంచి తెప్పించేవాళ్లకి ఒక మాట, కిట్లకి బొమ్మల కస్టమ్స్ పడుతుంది, 2023 బడ్జెట్ లో 60 శాతం నుంచి 70 కి పెంచినారు. స్కేల్ మోడళ్లు కూడా ఆ 9503 కస్టమ్స్ కోడ్ కిందికే వస్తాయి. డికాల్ షీట్ ఒక్కటే తెప్పిస్తే దాని కోడ్ వేరే, 4908, డికాల్స్ కని పుస్తకంలో విడిగా రాసి ఉండాది. పంపేవాడు కవర్ మీద మోడల్ కిట్ అని రాయకుండా ఉన్నది ఉన్నట్టు డికాల్స్ అని రాస్తే చాలు. మా బావమరిదికి ఒక అమ్మకందారు చిన్న షీట్ ని పెద్ద అట్టపెట్టెలో పెట్టి పైన టాయ్ హెలికాప్టర్ అని రాసి పంపినాడు, పెట్టె తెరిచి చూసి పన్ను తేల్చి ఇచ్చేసరికి వీడికి హెలికాప్టర్ల మీద విరక్తి పుట్టింది.

రివెట్_రెడ్డి
బయటవాటిలో ఎంఐ-24, ఎంఐ-8 కుటుంబానికి రష్యా వాళ్ల బెగెమోట్ షీట్లు, ఉక్రెయిన్ ప్రింట్ స్కేల్ వి పేరున్నవి. అమెరికన్ హెలికాప్టర్లకి వెర్నర్స్ వింగ్స్. తీసుకునే ముందు షీట్ ఫోటో పెద్దది చేసి రౌండెల్ లో తెల్ల వలయం అన్ని వైపులా ఒకే వెడల్పు ఉందో లేదో చూడండి. ఒక రంగు పక్కకి జరిగితే ఆ వలయమే పట్టిస్తుంది. మీరు ఏం చేసినా రంగుల వరుస తిప్పొద్దు, బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ.

సిల్క్‌స్క్రీన్_శీను
నేను మోడల్స్ చేసేవాడిని కాదు, మా తమ్ముడు చేస్తాడు, వాడు ఈ చర్చ చూపిస్తే వచ్చినా. గ్రీమ్స్‌పేటలో పెళ్లి కార్డులు, క్యారీ బ్యాగులు స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాం. తెలుపు తెలుపు అని అందరూ ఏడుస్తా ఉండారే, మాకు తెలుపు ఇంకు డబ్బాలు డబ్బాలు ఉండాది. ముదురు రంగు కార్డు మీద తెల్ల అక్షరాలు వేసేది మా రోజు పనే. మీరు చెప్పే బంక కాయితం కూడా కొత్తది కాదు, పింగాణీ కప్పులు, ప్లేట్ల మీద పూలు వేసేవాళ్లు వాడేది అదే కాయితం. కప్పుల వాళ్ల ఇంకు వేరే, అది బట్టీలో కాల్చేది, మనకి మామూలు వినైల్ ఇంకు చాలు.

పని ఎట్లుంటుందంటే, ఒక్కో రంగుకి ఒక్కో ఫ్రేము. తెలుపు, కాషాయం, ఆకుపచ్చ, నలుపు, పైన క్లియర్, అంటే ఐదు ఫ్రేములు ఎక్స్‌పోజ్ చెయ్యాలి. ఖర్చంతా అక్కడే. ఫ్రేములు అయినాక ఒక షీట్ తీసినా వంద తీసినా కాయితం, ఇంకు ఖర్చు తప్ప పెద్దగా తేడా ఉండదు. ఒక్కరి కోసం అయితే వద్దు, డబ్బులు దండగ. పది మంది కలిస్తే చెప్పండి, ఖాళీ టైములో తీసిస్తా. ఫైలు మాత్రం వెక్టర్ లో (ఎంత పెంచినా గీత చెదరని డ్రాయింగ్) ఇవ్వాలి, వాట్సాప్ ఫోటో పంపి ఇది వెయ్యి అంటే వెయ్యను.

అలిపిరి_అబ్బాయి
శీనన్నా నువ్వు దేవుడివి. నేను రెడీ.

రేణిగుంట_రోటర్
నేనూ. రెండు షీట్లు.

నగరి_నానీ
నేనూ, కానీ నాకు నేవీ. చిన్న లంగరు బొమ్మ పెట్టండి.

మదనపల్లె_మామ
ఎంఐ-26 సైజు అక్షరాలు కూడా పెట్టండి. నాకు చండీగఢ్ 126 హెలికాప్టర్ యూనిట్ వాళ్ల గుర్తు కూడా కావాలి, ఫెదర్‌వెయిట్స్ (ఈకంత బరువోళ్లు) అని పేరు. ప్రపంచంలో అంత బరువు మోసే హెలికాప్టర్ యూనిట్ కి ఆ పేరు పెట్టిన వాడెవడో గానీ దండం పెట్టాలి. ఇప్పుడు చినూక్ లు కూడా వాళ్లవే, 2019 మార్చిలో వచ్చినాయి.

కాళహస్తి_కలం
చీతా కి కూడా పెట్టండి. సియాచిన్ లో 1984 నుంచీ తిరిగేది చిన్న చీతానే, ఫ్రెంచ్ లామా హెలికాప్టర్ కి మన దగ్గర పేరు. 1972 జూన్ లో లామా 12,442 మీటర్లు ఎక్కింది. అందరూ పెద్దవాటి వెనకే పడతారు, దీనికి డికాల్స్ ఎవరూ చెయ్యరు.

పుత్తూరు_పైలట్
సారంగ్ (ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్ విన్యాసాల జట్టు) నెమలి పెట్టండి. ధ్రువ్ మీద నెమలి.

సిల్క్‌స్క్రీన్_శీను
నెమలికి ఎన్ని రంగులో తెలుసా సామీ? ఒక్కో ఈకకి ఒక్కో ఫ్రేము చెయ్యాలి. నెమలి వద్దు.

రివెట్_రెడ్డి
ముందు ధ్రువ్ కిట్ యాడుంది? పెద్ద కంపెనీల లిస్టులో నాకు కనపడలేదు, కిట్ లేకుండా నెమలి దేనికి, ఫ్రిజ్ మీద అతికిస్తావా?

పుత్తూరు_పైలట్
ఫ్రిజ్ మీద కూడా బాగుంటుంది కదా.

కాటమంచి_కిట్లు
అందరూ ఆగండి. ఒక షీట్ లో అన్నీ పెడితే ఎవరికీ సరిపోదు. నేను ఫైలు చేస్తా. ఏ5 సైజు, సగం 1/72, సగం 1/48. రౌండెల్స్ నాలుగు సైజులు, తోక పట్టీలు, బూమ్ మీద హిందీ, ఇంగ్లీష్ రెండూ, ఎందుకంటే ఒక పక్క హిందీ ఒక పక్క ఇంగ్లీష్ ఉంటుంది. నంబర్లు ముందే కూర్చి పెట్టను, జెడ్ తో పాటు అక్షరాలు, అంకెలు విడివిడిగా నలుపులో ఒకటి, తెలుపులో ఒకటి. ఎవరికి కావాల్సిన నంబర్ వాళ్లు కూర్చుకోండి. అట్లయితే చేతక్, చీతా, ఎంఐ-17, ఎంఐ-26 అన్నీ వస్తాయి. యూనిట్ గుర్తులు రెండో షీట్ కి. నానీ లంగరు కూడా రెండో షీట్ కే.

నగరి_నానీ
అందరికంటే చిన్నవాడినని నా లంగరు లేపేసినారు.

పాత_ఫిట్టర్
విడి అంకెలు పెట్టడం మంచి పని. మేం కూడా అంకెల స్టెన్సిళ్లు విడివిడిగానే పెట్టుకుంటాం. కూర్చేటప్పుడు కొంచెం ఎగుడుదిగుడు వచ్చినా దిద్దకండి.

రివెట్_రెడ్డి
సార్ మీరు అట్లా అంటే వీళ్లు వంకరగా పెట్టి ఒరిజినల్ అంటారు.

సిల్క్‌స్క్రీన్_శీను
ఫైలు వచ్చింది, టెస్ట్ తీసినా. ఫోటో మా తమ్ముడు పెడతాడు. కొన్ని సంగతులు. తెలుపు కింద, దాని మీద రంగులు వేస్తే ఒక వెంట్రుక జరిగినా రౌండెల్ చుట్టూ తెల్ల గీత కనపడుతుంది. అందుకని కింద తెలుపుని రంగు కంటే చుట్టూ కొంచెం లోపలికి తీసుకున్నా, ఇప్పుడు కాషాయం అంచు శుభ్రంగా ఉండాది. క్లియర్ మాత్రం షీట్ అంతా పరచలేదు, ఒక్కో ముక్క చుట్టూ సన్నగా వేసినా. కాబట్టి కత్తిరించడం కూడా తేలిక, నీళ్లల్లో దేనికది విడిపోతుంది. చిన్న అంకెలకి పెళ్లి కార్డు మెష్ (ఫ్రేముకి బిగించే జల్లెడ గుడ్డ) పనికిరాలా, సన్న మెష్ మార్చినాక పదునుగా వచ్చినాయి. 1/72 కి ఇంకా చిన్న స్టెన్సిల్ రాతలు మాత్రం నా వల్ల కాదు, అవి మీ ఇటలీ వాళ్లే చెయ్యాలి.

అలిపిరి_అబ్బాయి
అన్నా తమ్ముడితో ఒక టెస్ట్ ముక్క పంపినావు కదా, పాత రెక్క మీద వేసి చూసినా. ఎక్స్-22 కొట్టి, డిస్టిల్డ్ వాటర్ లో పెట్టి, సాల్ రాసి వదిలేసినా. నీళ్లల్లో జారడానికి కంపెనీ డికాల్ కంటే టైం పట్టింది, పొర కొంచెం మందం. కానీ ముదురు ఆకుపచ్చ మీద తెలుపు తెలుపుగానే ఉండాది, రివెట్ల మీద కూడా కూర్చుంది. అంచు వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి తెలియదు.

కాటమంచి_కిట్లు
మందం ఉంటే ముందు సాల్ రెండు సార్లు రాయి, మొదటిది పూర్తిగా ఆరినాక రెండోది. పైన క్లియర్ కొట్టి సన్న ఇసుక కాగితంతో తడిపి అంచు మీద మెల్లగా రుద్ది మళ్లీ క్లియర్ కొడితే మెట్టు పోతుంది. కారు షాపు 2కె క్లియర్ మాత్రం ఒకేసారి తడిగా కొట్టొద్దు, ఇంకు కరుగుతుంది.

కాళహస్తి_కలం
చూశారా, రౌండెల్ మాస్క్ పెట్టి పెయింట్ చేసుంటే ఈ రుద్దుడు ఉండేది కాదు. చెప్పినా వినరు.

రివెట్_రెడ్డి
ఫోటో చూసినా. రౌండెల్ కి పేరు పెట్టేది లేదు. హిందీ అక్షరాల మీద మాత్రం ఒప్పుకోను, ఆ ఫాంట్ కంప్యూటర్ లో ఉండే మామూలు ఫాంట్, అసలు మీద గీతలు అన్నీ ఒకే మందం, మూలలు చదరంగా ఉంటాయి, ఇక్కడ సేన లో స కాలు సన్నబడి కిందికి వంగింది.

మదనపల్లె_మామ
1/72 లో ఆ కాలు ఎంత ఉంటుంది రెడ్డి, చీమ కాలంతనా?

రివెట్_రెడ్డి
చీమకి కాలు సరిగ్గా ఉండాలి కదా మామా.

పాత_ఫిట్టర్
అక్షరాల సంగతి రెడ్డి చెప్పింది నిజమే. స్టెన్సిల్ కోసేటప్పుడు వంపు కోయడం కష్టం, అందుకని గీతలు నేరుగా, ఒకే మందంగా కోస్తాం. మార్చగలిగితే మార్చండి.

కాటమంచి_కిట్లు
సార్ కూడా అన్నాక ఇంకేం. రెడ్డన్నా నువ్వే గీసి పంపు, వెక్టర్ లో. ఒక్క హిందీ లైను, రెండు స్కేళ్లు. నలుపు ఫ్రేము ఒక్కటే మళ్లీ ఎక్స్‌పోజ్ చేస్తే చాలు కదా శీనన్నా?

సిల్క్‌స్క్రీన్_శీను
చాలు. కానీ ముహూర్తాలు మొదలైనాయి, కార్డులు కుప్పలుగా ఉండాయి, మధ్యలో మీ హెలికాప్టర్ దూర్చాలంటే శుక్రవారం లోపల ఫైలు రావాలి. ఎవరికి ఎన్ని షీట్లో పేరుతో సహా ఇక్కడే రాయండి, ఫోన్లు చెయ్యొద్దు, నిన్న ఒకాయన పెళ్లి కార్డు మాట్లాడతా ఉంటే మధ్యలో ఎవరో రౌండెల్ ఎంత అని ఫోన్ చేసినాడు, ఆయన రౌండెల్ కూడా కార్డు మీద వేస్తారా అని అడిగినాడు.

నగరి_నానీ
వేయించుకోమను అన్నా, పెళ్లికొడుకు పైలట్ అయితే బాగుంటుంది. నాకు ఒక షీట్, లంగరు లేకపోయినా పర్లేదు.

రేణిగుంట_రోటర్
రెండు.

మదనపల్లె_మామ
ఒకటి. మదనపల్లెకి బస్సులో కవర్ వేయించండి, స్టాండ్ లో తీసుకుంటా.

రివెట్_రెడ్డి
గీస్తా ఉండా. శుక్రవారం కుదరకపోవచ్చు, ఆ ర మీద గీత మందం ఇంకా తేలలేదు.

సిల్క్‌స్క్రీన్_శీను
శుక్రవారం సాయంత్రం ఏడు. దాటితే వంకర కాలుతోనే అచ్చేస్తా.